చదివే సంతకం పెడదాం

నా నేస్తం ఇల్లు మారింది. కొత్త ఇల్లు అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తు. నేను సాయం వెళ్ళాను.

ఇద్దరం మూటలు కట్టాం. ఏ మూటలో ఏముందో చీటీ రాసి అంటించాం. రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, బ్యాంకు పుస్తకం చేతిసంచిలో పెట్టుకున్నాం.

తాళం ఇచ్చే ముందు ఇంటాయన ఒప్పంద కాగితం తెచ్చాడు.

"సంతకం పెట్టమ్మా" అన్నాడు. నేస్తం పెన్ను అందుకుంది.

"ఆగవే, చదువుదాం" అన్నాను.

ఆటో అబ్బాయి తొందరపెట్టాడు. అయినా కూడబలుక్కుని చదివాం. మేం ఇచ్చిన అడ్వాన్సు 10,000 రూపాయలు. కాగితంలో 1,000 అని ఉంది!

"ఒక సున్నా తగ్గిందండీ" అన్నాం.

ఆయన దిద్దాడు. పక్కన అక్షరాల్లో కూడా రాశాడు. దిద్దిన చోట సంతకం చేశాడు. ఆ తర్వాతే నేస్తం సంతకం పెట్టింది. లోపలికెళ్ళి పాలు పొంగించాం.

తెలుసుకోండి:

ఇల్లు మారితే ఓటు కూడా మార్చుకోవాలి. దానికి ఫారం 8 నింపాలి.

6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను, టి.సి. రావడం ఆలస్యమైనా, సర్కారు బడిలో చేర్చుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం ఈ మాట చెబుతోంది.

చెప్పండి:

1. ఆ సున్నా చూడకపోతే ఏమయ్యేది?
2. మీరు చదవకుండా సంతకం పెట్టిన కాగితం ఏదైనా ఉందా?