భారతీయ లిపులు – కంప్యూటరు భద్రత

కంప్యూటరు భద్రత అనగానే సామాన్యంగా సంకేతపదాలు, వైరస్‌లు, గూఢలిపి గుర్తుకు వస్తాయి. అది ఇంజనీర్లకు సంబంధించిన విషయమనీ, భాషతోను లిపితోను దానికి పని లేదనీ భావించడం పరిపాటి. కాని మనిషి కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞ గాని, కంప్యూటరు మనిషికి ఇచ్చే హెచ్చరిక గాని చాలవరకు అక్షరాల రూపంలోనే సాగుతుంది. ఆ అక్షరాలను యంత్రం సరిగా చదవలేకపోయినా, మనిషి సరిగా పోల్చుకోలేకపోయినా ఎంత దృఢమైన రక్షణవ్యవస్థ అయినా నిష్ఫలమవుతుంది. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో 22 భాషలను గుర్తించిన మన దేశంలో ఈ విషయానికి విశేష ప్రాధాన్యం ఉన్నది. భద్రతను ఒక్క భాషలో, ఒక్క లిపిలో పరీక్షించి, దేశమంతటికీ అది చాలునని భావించడానికి వీలులేదు.

ఒకే పట్టికలో అనేక లిపులు

కంప్యూటరుకు అక్షరం తెలియదు. సంఖ్య మాత్రమే తెలుస్తుంది. ప్రతి అక్షరానికి ఒక సంఖ్యను కేటాయించి, ఆ సంఖ్యనే యంత్రం నిలువచేస్తుంది. భారతీయ భాషలు కంప్యూటరులోకి ప్రవేశించిన తొలి రోజులలో ఒక్కొక్క సంస్థ ఒక్కొక్క పట్టికను వాడుకొన్నది. ఒకచోట తయారైన తెలుగు వ్యాసం మరొకచోట అర్థంలేని గీతలుగా కనిపించేది.

ఈ అరాచకాన్ని తొలగించడానికి జరిగిన కృషిలో రెండు మెట్లు ముఖ్యమైనవి. 1986లో భారత ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ లిపులన్నింటికీ ఉమ్మడిగా 'ఇన్‌స్క్రిప్ట్' అనే మీటల అమరికను ప్రమాణంగా నిర్ణయించింది. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ 'ఇస్కీ' అనే సంకేతావళిని ఆమోదించింది. బ్రాహ్మీ లిపినుండి పుట్టిన లిపులన్నింటికీ వర్ణమాల క్రమం ఒకటే అన్న సత్యం ఈ రెంటికీ పునాది. దేవనాగరి 'క'కు, తెలుగు 'క'కు, బెంగాలీ 'క'కు ఇస్కీలో ఒకే సంఖ్య ఉంటుంది. ఏ లిపిలో చూపాలో మాత్రం విడిగా చెప్పాలి.

అంతర్జాతీయ ప్రమాణమైన యూనికోడ్ తొలి సంపుటం కూడా 1991లోనే వెలువడింది. అది ప్రతి లిపికి ప్రత్యేకంగా 128 స్థానాలు కేటాయించినా, లోపలి అమరికను ఇస్కీ తొలిరూపం నుండే స్వీకరించింది. యూనికోడ్‌లో దేవనాగరి 'క' సంఖ్య 2325, బెంగాలీ 'క' సంఖ్య 2453, తెలుగు 'క' సంఖ్య 3093. మొదటి రెండింటి మధ్య భేదం 128. మొదటి, మూడవ సంఖ్యల మధ్య భేదం 768, అనగా 128కి ఆరు రెట్లు. లిపులు వేరైనా వరుస ఒకటే అన్నది ఈ లెక్కలోనే తెలుస్తుంది.

ఒక అక్షరం – ఆగిపోయిన ఫోనులు

పట్టికలో స్థానం లభించినంత మాత్రాన సమస్య తీరదు. రోమన్ లిపిలో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలుస్తాయి. భారతీయ లిపులలో హల్లుకు వత్తు చేరుతుంది, గుణింతం చేరుతుంది, ఒక్కొక్కప్పుడు ఆకారమే మారిపోతుంది. ఈ కూర్పును నిర్వహించే సాఫ్ట్‌వేర్ భాగం జటిలమైనది. జటిలమైన చోట లోపాలు దాగి ఉండడం సహజం.

2018 ఫిబ్రవరిలో ఇది ప్రపంచమంతటికీ తెలిసివచ్చింది. ఆపిల్ సంస్థ ఫోనులలో 'జ్ఞా' అనే తెలుగు కూర్పు ఒకటి సందేశంగా రాగానే, దానిని చూపబోయిన అప్లికేషన్ ఆగిపోయేది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ ఆగిపోయేది. దుర్బుద్ధి గలవారు దీనిని ఇతరులకు పంపి వేధించడానికి అవకాశం ఏర్పడింది. ఒక తెలుగు అక్షరం ఫోనులను పాడుచేస్తున్నదని అనేక దేశాల పత్రికలు ప్రకటించాయి. ఆ సంస్థ ఫిబ్రవరి 19న సవరణను విడుదల చేసింది.

నిజానికి దోషం తెలుగు అక్షరానిది కాదు. 'జ్ఞానం' అని మనం రోజూ వ్రాసే మాటవల్ల ఏ ఫోనూ ఆగలేదు. జకారం, పొల్లు, ఞకారం తరువాత, దీర్ఘానికి ముందు కంటికి కనబడని మరొక సంకేతం చేరినప్పుడే లోపం బయటపడేది. బెంగాలీ, దేవనాగరి లిపులలోని కొన్ని కూర్పులు కూడా ఇదే ఫలితాన్ని ఇచ్చాయి. అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్ ఇటువంటి వరుసను ఎదుర్కొనడానికి సిద్ధంగా లేకపోవడమే అసలు కారణం. కోట్లాది ప్రజలు వాడే లిపులను అన్ని కోణాలనుండి పరీక్షించకుండానే ఆ సాఫ్ట్‌వేర్ విపణిలోకి వచ్చిందన్నమాట.

కనబడని సంకేతం

ఆ అదృశ్య సంకేతం పేరు 'జీరో విడ్త్ నాన్ జాయినర్'. రెండు హల్లులు కలిసిపోకుండా విడదీయడం దాని పని. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో టకారం పొల్లుగా నిలిచి, 'వే' విడిగా కనబడడానికి ఇదే కారణం. ఆ సంకేతం లేకపోతే అదే మాట 'సాఫ్ట్వేర్' అని మారిపోతుంది. అన్యదేశ్యాలను, పరభాషా నామాలను వ్రాయడంలో తెలుగుకు ఇది నిత్యావసరం.

భద్రతా నిపుణుల దృష్టిలో మాత్రం కనబడని ప్రతి సంకేతమూ అనుమానాస్పదమే. ఒకే విధంగా కనిపించే రెండు పేర్లలో ఒకదానియందు ఈ సంకేతం దాగి ఉంటే, యంత్రానికి అవి రెండు వేర్వేరు పేర్లు, మనిషికి ఒకటే. ఈ కారణంగా ఇంటర్నెట్ చిరునామాలలో చివరి భాగమైన ఉన్నతస్థాయి పేర్లలో దీనికి ప్రవేశం లేదు. సామాన్య రచనలో మాత్రం దీనిని నిషేధిస్తే తెలుగు వ్రాతే దెబ్బతింటుంది. కనుక అవసరమైన చోట అనుమతించడం, మోసానికి తావున్న చోట నిరోధించడం అనే వివేచన కావాలి. లిపి తెలిసినవారూ, యంత్రం తెలిసినవారూ కలిసి కూర్చుంటేనే ఇటువంటి నిర్ణయం సాధ్యమవుతుంది.

కవల అక్షరాలు

కనబడని సంకేతం ఒక చిక్కయితే, ఒకే విధంగా కనబడే అక్షరాలు మరొక చిక్కు. రోమన్ లిపిలోని చిన్న 'ఎ' సంఖ్య 97. రష్యన్ భాషకు వాడే సిరిలిక్ లిపిలో అచ్చంగా అదే ఆకారం గల అక్షరం సంఖ్య 1072. 2017 ఏప్రిల్‌లో ఒక పరిశోధకుడు కేవలం సిరిలిక్ అక్షరాలతో ఆపిల్ సంస్థ పేరును పోలిన చిరునామాను నమోదు చేసి, కొన్ని ప్రసిద్ధ బ్రౌజర్లలో అది అసలు చిరునామావలెనే కనబడుతుందని నిరూపించాడు. అతని ఉద్దేశం హెచ్చరించడమే. మోసగాడు అదే పని చేస్తే జరిగేదేమిటో ఊహించవచ్చు.

ఈ ప్రమాదం మనకు దూరమైనది కాదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే తల్లి బిడ్డలు. తెలుగు 'జ' సంఖ్య 3100, కన్నడ 'జ' సంఖ్య 3228. కాగితం మీద రెంటినీ వేరుచేయడం కష్టం. తెలుగు పూర్ణానుస్వారం రోమన్ 'ఓ' అక్షరాన్నీ, సున్న అంకెనూ పోలి ఉంటుంది. దేవనాగరిలో '.భారత్' చిరునామాలు 2014లో ప్రారంభమయ్యాయి. తెలుగు మొదలైన ఇతర లిపులలోనూ ఆ సౌకర్యం ఏర్పడింది. దేశభాషలలో చిరునామాలు పెరిగేకొద్దీ ఈ పోలికల విషయంలో జాగ్రత్త కూడా పెరగాలి.

ఇందుకు జరిగిన ఒక ప్రయత్నం ప్రశంసనీయం. ఇంటర్నెట్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ ఆధ్వర్యంలో ఏర్పడిన నియో బ్రాహ్మీ నిపుణుల బృందం దేవనాగరి, బెంగాలీ, గుర్ముఖి, గుజరాతీ, ఒరియా, తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం అనే తొమ్మిది లిపులను కలిపి పరిశీలించింది. ఏ అక్షరాలు ఒకదానినొకటి పోలి భ్రమ కలిగిస్తాయో గుర్తించి, ఉన్నతస్థాయి పేర్లకు నియమాలు కూర్చింది. తెలుగులో ఒక పేరు ఒకరికి లభిస్తే, దానిని అచ్చంగా పోలిన కన్నడ పేరు మరొకరి చేతిలో పడకుండా ఆ నియమాలు అడ్డుకొంటాయి. తెలుగు పండితుడు కన్నడ లిపిని, కన్నడ పండితుడు తెలుగు లిపిని పరిశీలించనిదే ఈ పని నెరవేరేది కాదు.

అక్షరదోషం ఆపిన అపహరణ

అక్షరంపట్ల అప్రమత్తత ఎంత విలువైనదో పొరుగుదేశపు అనుభవం తెలుపుతుంది. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్రబ్యాంకు కంప్యూటర్లలోకి నేరస్థులు చొరబడి, న్యూయార్క్‌లోని ఆ బ్యాంకు ఖాతానుండి దాదాపు 95 కోట్ల డాలర్లు తరలించడానికి 35 ఆదేశాలు పంపారు. వాటిలో ఐదు అమలుకాగా, ఫిలిప్పీన్స్‌కు 8 కోట్ల 10 లక్షల డాలర్లు చేరాయి. శ్రీలంకలోని ఒక సంస్థ పేరిట 2 కోట్ల డాలర్లు బయలుదేరాయి. ఆ సంస్థ పేరులో 'ఫౌండేషన్' అన్న మాట వర్ణక్రమం తప్పుగా ఉండడం గమనించి మధ్యలోని బ్యాంకు వివరణ కోరింది. ఆ సొమ్ము దొంగల చేతికి చిక్కకుండా తిరిగివచ్చింది. యంత్రం ఆదేశాన్ని సక్రమమైనదనే భావించింది; సందేహించినది అక్షరాలను శ్రద్ధగా చదివిన మనిషి. తనకు రాని భాషలో వచ్చిన సందేశంలో అటువంటి దోషాన్ని ఎవరూ పట్టలేరని వేరే చెప్పనక్కరలేదు.

రెండు వాదాలు

ఈ సమస్యలను చూసి, సాంకేతిక వ్యవహారమంతా ఆంగ్లంలోనే ఉంచితే క్షేమమని వాదించేవారు ఉన్నారు. లిపులు తగ్గితే లోపాలూ తగ్గుతాయన్నది వారి తర్కం. యంత్రం దృష్టిలో ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని ఆంగ్లం రాని వినియోగదారుడు తెరమీది హెచ్చరికను చదవకుండానే 'సరే' అన్న మీటను నొక్కుతాడు. అప్పుడు ప్రమాదం యంత్రంనుండి మనిషి మీదికి మారుతుందే కాని తగ్గదు.

సాఫ్ట్‌వేర్ మూలరచనను అందరికీ తెరచి ఉంచాలా, రహస్యంగా ఉంచాలా అన్నది మరొక చర్చ. తెరచి ఉంచితే ఎందరో పరిశీలించి లోపాలు పట్టగలరని ఒక పక్షం, దొంగకు దారి చూపినట్లవుతుందని మరొక పక్షం. 2014లో బయటపడిన 'హార్ట్‌బ్లీడ్' లోపం అందరికీ తెరచి ఉన్న సాఫ్ట్‌వేర్‌లోనే రెండేళ్ళపాటు ఎవరికంటా పడకుండా దాగి ఉన్నది. తెరచి ఉంచడం పరిశీలనకు అవకాశం ఇస్తుంది. పరిశీలన జరిగితీరుతుందన్న హామీని ఇవ్వదు. భారతీయ లిపులకు సంబంధించిన భాగాలను పరిశీలించవలసినవారు ఆ లిపులలో చదువుకొన్న మన యువ ఇంజనీర్లే. తమ భాషలో సాఫ్ట్‌వేర్‌ను వాడి, లోపాలను కనిపెట్టి నివేదించడం వారికి వృత్తిధర్మం కావాలి.

హెచ్చరిక ఏ భాషలో?

సోలాపూర్, భీవండి, సూరత్ పట్టణాలలో తరతరాలుగా తెలుగు నేతకార్మిక కుటుంబాలు నివసిస్తున్నాయి. ఒడిశా కార్మికులు తెలంగాణ ఇటుకబట్టీలలో పనిచేస్తున్నారు. వీరందరి చేతులలోను ఇప్పుడు ఫోను ఉన్నది, అందులో బ్యాంకు ఖాతా ఉన్నది. రాష్ట్రభాషలో మాత్రమే హెచ్చరిక ఇస్తే అది వీరికి అందదు. హెచ్చరిక స్థలాన్ని బట్టి కాక, మనిషిని బట్టి భాషను ఎన్నుకోవాలి.

ఈ సూత్రాన్ని చట్టం కొంతవరకు అంగీకరించింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ప్రకారం, సమాచారం సేకరించే సంస్థ అందుకు సమ్మతి కోరుతూ ఇచ్చే నోటీసును ఆంగ్లంలో గాని, ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొనే అవకాశం పౌరునికి కల్పించాలి. దీని నియమాలు 2025 నవంబరులో ప్రకటితమయ్యాయి. నిబంధనలు దశలవారీగా అమలులోకి రావాలని నిర్దేశించారు.

అయితే అనువాదం పేరుకు జరిగితే ప్రయోజనం లేదు. ఆంగ్లపదాలను తెలుగు అక్షరాలలో వ్రాసినంత మాత్రాన అర్థం బోధపడదు. ఎవరూ వాడని సంస్కృత సమాసాలు పేర్చినా అంతే. 'ఓటీపీ' అన్న మాటను ఉంచవచ్చు, కాని అది ఒక్కసారికి మాత్రమే చెల్లే రహస్య సంఖ్య అనీ, బ్యాంకువారమని అడిగినవారికి కూడా చెప్పరాదనీ వెంటనే వివరించాలి. 'పిన్' సొమ్ము చెల్లించడానికే గాని స్వీకరించడానికి అవసరం లేదన్న ఒక్క వాక్యం స్పష్టమైన తెలుగులో తెలిస్తే ఎన్నో మోసాలను నివారించవచ్చును. 'డిజిటల్ అరెస్టు' అన్న పదబంధం చట్టభాషవలె ధ్వనించడంవల్లనే ఎందరో భయపడి సొమ్ము పోగొట్టుకొన్నారు. అటువంటి పద్ధతి చట్టంలో లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగంలో స్పష్టం చేశారు. ఆ మాట ప్రతి భాషలో, ప్రతి ఇంటికీ చేరవలసి ఉన్నది. మోసపోయినవారు ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయవలెనన్న సూచన కూడా దానితోపాటే చేరాలి.

ఇస్కీ కాలంలో మన నిపుణులు భారతీయ లిపులను విడివిడి సమస్యలుగా కాక ఒకే కుటుంబంగా చూశారు. చిరునామాల నియమాలను కూర్చినవారు అదే దృష్టితో పనిచేశారు. ఇకమీదట ప్రతి సాఫ్ట్‌వేర్‌నూ విడుదలకు ముందు మన లిపులన్నింటిలో పరీక్షించడం, ప్రతి హెచ్చరికనూ మన భాషలన్నింటిలో అర్థమయ్యేటట్లు వ్రాయడం అలవాటు కావాలి. 'జ్ఞా' అన్న కూర్పును ఎదుర్కొనలేక ఫోనులు ఆగిపోయిన ఉదంతం ఈ రెండు పనులలో మొదటిదాని అవసరాన్ని చూపింది. రెండవదాని అవసరాన్ని, అర్థంకాని సందేశానికి బెదరి తన కష్టార్జితం పోగొట్టుకొన్న ప్రతి పౌరుడూ గుర్తుచేస్తూనే ఉన్నాడు.