విహారశకటములును అతివేగమును

అమెరికాదేశమున ననేకులు మంచములు, వంటపొయ్యి, నీటితొట్టి గల పెద్ద మోటారుబండ్లలో కుటుంబసమేతముగ విహరింతురు. వీనిలో మిక్కిలి పెద్దవాని బరువు 10 టన్నులకు మించును. ఇట్టి బండి నతివేగముగ నడుపుట యేల యపాయకరమో విచారింతము.

మొదటి హేతువు చలనశక్తి. అది వేగముయొక్క వర్గము ననుసరించి పెరుగును. గంటకు 60 మైళ్లు పోవు బండి 75 మైళ్ల వేగము నందినచో, వేగము నాలుగవవంతే హెచ్చినను చలనశక్తి ఒకటిన్నర రెట్లకు మించును. ఆ శక్తిని బ్రేకులే హరింపవలెను గనుక, బ్రేకు వేసిన పిదప బండి నిలుచుటకు పట్టు దూరమును ఆ మేరకే పెరుగును. 60 మైళ్ల వేగముననే బండి సెకనుకు 88 అడుగులు పోవును. చోదకు డపాయమును గాంచి బ్రేకు త్రొక్కులోపలనే యింత దూరము గడచిపోవచ్చును.

రెండవది టైర్లు. అధికభారము, గాలి తక్కువ, అతివేగము కలసినచో రబ్బరు వేడెక్కి టైరు పగులవచ్చును. మూడవది ప్రక్కగాలి. బండి గోడలు ఎత్తైనవి గనుక గాలి దానిని త్రోవ తప్పించును.

కాలిఫోర్నియా రాష్ట్రమున వెనుక బండిని లాగు వాహనములకు గంటకు 55 మైళ్లే పరిమితి.

100 మైళ్ల పయనమున 60కి మారుగ 75 మైళ్ల వేగమున పోయినవానికి మిగులునది 20 నిమిషములే. విద్యార్థులారా! ఆ స్వల్పకాలమునకై తనవారి ప్రాణములను, త్రోవలోని చిన్నబండ్లవారి ప్రాణములను పణమొడ్డుట వివేకమగునా?