తెరపై కీర్తన

తెరపై వెలుగునీడలతో దైవకథను చూపడం తెలుగువారికి కొత్త కాదు. మహాశివరాత్రి నాడు శివాలయాల ముందర పలుచని తెల్లని తెర కట్టి, వెనుక దీపాలు నిలిపి, తోలుబొమ్మలతో రామాయణ భారత కథలను తెల్లవార్లూ ఆడేవారు. కేరళలో భద్రకాళి ఆలయాల ఎదుట ఆడే తోల్పావకూత్తును దేవియే వచ్చి చూస్తుందని విశ్వాసం. అందువల్ల మనుషులెవరూ లేకపోయినా ఆట ఆగదు. ఈనాడు ఆరాధనా మందిరాలలో కనిపించే మల్టీమీడియా ప్రొజెక్టరును ఆ దీపానికి దూరపు చుట్టంగా భావించవచ్చు.

ఐరోపాలో దీనికి మాతృక 'మ్యాజిక్ లాంతరు'. 17వ శతాబ్దంలో పుట్టిన ఈ సాధనాన్ని 19వ శతాబ్దపు మతప్రచారకులు విరివిగా వాడుకొన్నారు. ఆఫ్రికాలో పర్యటించిన డేవిడ్ లివింగ్‌స్టన్ ఒక ప్రభువు కొలువులో, అబ్రహాము తన కుమారుని బలి ఇవ్వబోయే చిత్రాన్ని చూపాడు. పలక జరుపుతుండగా, చిత్రంలోని కత్తి తమ మీదికే వస్తున్నదని భయపడి స్త్రీలు పరుగెత్తారని ఆయన రాసుకొన్నాడు.

నేటి ప్రొజెక్టరు చూపేది చాలావరకు అక్షరాలనే. గురుద్వారాలలో గుర్బాణీ గురుముఖిలోను, దాని అర్థం ఇంగ్లీషులోను తెరపై వస్తుంటే, విదేశాలలో పెరిగిన పిల్లలు కూడ కీర్తన భావాన్ని గ్రహించగలుగుతున్నారు. తెలుగు చర్చీలలో చూపు మందగించిన వృద్ధులకు, పుస్తకం లేని కొత్తవారికి పెద్ద అక్షరాలు ఎంతో ఉపకరిస్తాయి. తలవంచి పుస్తకంలోకి పాడే గొంతుకంటె, తల ఎత్తి పాడే గొంతు స్పష్టంగా వినిపిస్తుందనడం కూడ నిజమే.

అయితే నష్టం లేకపోలేదు. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో పాటకు పైన రాగం, తాళం ముద్రించి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి వంటి కవుల రచనలు కర్ణాటక సంగీత బాణీలలో నిలిచినవి. స్లయిడుపైకి పల్లవి, చరణాలు మాత్రమే ఎక్కితే, పాడే యువకునికి ఆ పాట ఏ రాగంలోనిదో, ఎవరు రాసినదో తెలిసే దారి మూసుకుపోతుంది. కంఠస్థం చేసే అలవాటు కూడ సన్నగిల్లుతుంది. చదువు రాని అవ్వ కన్నులు మూసుకొని అన్ని చరణాలూ పాడుతుంటే, చదువుకొన్న మనుమడు తర్వాతి స్లయిడు కోసం ఎదురుచూస్తాడు! కరెంటు పోయిన ఆదివారం ఈ తేడా అందరికీ తెలిసిపోతుంది.

ఇక అమరిక విషయం. ప్రొజెక్టరు కాంతిని ల్యూమెన్లలో కొలుస్తారు. 3000 ల్యూమెన్ల కాంతి 6 చదరపు మీటర్ల తెరపై పరచుకొంటే, చదరపు మీటరుకు అందేది 500 మాత్రమే. తెర రెట్టింపు వైశాల్యమైతే అది 250కి పడిపోతుంది. పెద్ద కిటికీల మందిరంలో పగటివేళ అక్షరాలు వెలవెలబోవడానికి కారణమిదే. తెలుగు లిపికి మరొక చిక్కు ఉన్నది. వత్తులు అక్షరం కిందికి దిగుతాయి కనుక పంక్తుల నడుమ ఎడం ఎక్కువ ఉండాలి. ఒక తెరపై నాలుగైదు పంక్తులకు మించితే వెనుక బల్లలవారికి అందవు. తెరను వేదిక నడుమ వేలాడదీసి సిలువను కప్పివేయడంకంటె పక్కగోడపై అమర్చడం ఉచితం. రాగతాళాలకు, కవి పేరుకు మొదటి స్లయిడులో ఒక్క పంక్తి చాలును. ఆ పంక్తిని టైపు చేయడానికి పాత పుస్తకాన్ని ఒకసారి తెరవవలసి ఉంటుంది.