కార్యాలయంలో అంకెల చిరునామాలు

ఇంటికి సంఖ్య, వీధికి పేరు లేకపోతే ఉత్తరం గమ్యం చేరదు. పొలానికి సర్వే నంబరు, గట్టు లేకపోతే తగవు తీరదు. లోకవ్యవహారమంతటికీ చిరునామా, హద్దు అనే రెండూ ఆధారాలు. కంప్యూటర్ల లోకంలోనూ ఈ నియమమే వర్తిస్తుంది. కార్యాలయంలో వైర్‌లెస్ రౌటరును అమర్చడమంటే గోడకు ఒక పెట్టెను తగిలించడం మాత్రమే కాదు. అక్కడి ప్రతి పరికరానికీ ఒక చిరునామాను, ఆ చిరునామాలన్నింటికీ ఒక హద్దును ఏర్పరచడం.

చిరునామా స్వరూపం

కంప్యూటరు, ఫోను, ప్రింటరు వంటి పరికరాలు పరస్పరం సమాచారాన్ని పంపుకోవడానికి ఉపయోగించే అంకెల గుర్తును ఐ.పి. అడ్రస్ అంటారు. నేటికీ విస్తృతంగా వాడుకలో ఉన్న దీని నాలుగవ రూపాన్ని 1981లో జాన్ పోస్టెల్ సంపాదకత్వంలో వెలువడిన పత్రం నిర్దేశించింది. ఇందులో 32 బిట్లు ఉంటాయి. చదువుకోవడానికి వీలుగా వీటిని నాలుగు భాగాలు చేసి, నడుమ చుక్కలు పెట్టి రాస్తారు. ఒక్కొక్క భాగం విలువ 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. ఈ లెక్కన ఏర్పడే చిరునామాలు సుమారు 430 కోట్లు. తొలినాళ్లలో అది తరగని గనిగా కనిపించినా, 2011 ఫిబ్రవరి 3న వాటి కేంద్ర నిల్వ పూర్తిగా పంపిణీ అయిపోయింది. 128 బిట్లు గల ఆరవ రూపం ఈ కొరతను తీర్చడానికే రూపొందింది.

కొరతను ముందే ఊహించిన నిపుణులు సంస్థల లోపలి వినియోగానికి మూడు శ్రేణులను ప్రత్యేకించారు. 1996 నాటి పత్రం ప్రకారం అవి: 10.0.0.0 నుంచి 10.255.255.255 వరకు, 172.16.0.0 నుంచి 172.31.255.255 వరకు, 192.168.0.0 నుంచి 192.168.255.255 వరకు. ప్రతి ఊళ్లోనూ ఒక రామాలయం వీధి ఉంటుంది. ఊరి లోపల ఆ పేరు చాలు. ఊరు దాటితే చాలదు. ఈ లోపలి చిరునామాలు కూడా అటువంటివే. వేల కార్యాలయాలు ఒకే శ్రేణిని వాడుకొన్నా ఇబ్బంది లేదు. లోపలి పరికరం బయటి లోకంతో మాట్లాడదలచినప్పుడు రౌటరు ద్వారపాలకుని వలె నిలిచి, లోపలి చిరునామాకు బదులు తన బయటి చిరునామాను చేర్చి సమాచారాన్ని పంపుతుంది. తిరిగి వచ్చిన సమాధానాన్ని అడిగినవారికే అందజేస్తుంది.

పంపకం జరిగే తీరు

యాత్రికులు దిగే సత్రంలో గుమాస్తా ఖాళీ గదిని చూసి తాళంచెవి ఇస్తాడు. గడువు ముగిసిన గదిని మరొకరికి కేటాయిస్తాడు. రౌటరులోని డి.హెచ్.సి.పి. అనే ఏర్పాటు చేసే పని ఇదే. కొత్త పరికరం చిరునామా కావాలని కేక వేస్తుంది. రౌటరు ఒకదానిని చూపుతుంది. పరికరం దానిని కోరుకొంటుంది. రౌటరు ఖాయం చేస్తుంది. ఈ కేటాయింపు గడువును లీజు అంటారు.

అయితే గుమాస్తాకు తెలియకుండా ఎవరైనా ఒక గదిలో స్థిరపడితే చిక్కు తప్పదు. ఒక కార్యాలయంలో ప్రింటరుకు 192.168.25.60 అనే చిరునామాను చేతితో అమర్చారని, రౌటరు పంచే శ్రేణిలోనూ ఆ సంఖ్య ఉన్నదని ఊహించవచ్చు. ప్రింటరు ఆపి ఉన్న వేళ రౌటరు ఆ సంఖ్యను కొత్త ఉద్యోగి ల్యాప్‌టాప్‌కు ఇస్తుంది. మరునాడు ప్రింటరును తెరవగానే ఒకే చిరునామాకు ఇద్దరు హక్కుదారులు ఏర్పడతారు. నెలాఖరున జీతాల పట్టికలు ముద్రణకు రావు. అందరూ ప్రింటరును, తీగను అనుమానిస్తారు. దోషం మాత్రం హద్దు గీయకపోవడంలో ఉంటుంది.

శ్రేణిని నిర్ణయించడం

నలభై మంది ఉద్యోగులున్న కార్యాలయాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఒక్కొక్కరికి ఒక కంప్యూటరు, ఒక ఫోను చొప్పున 80 చిరునామాలు, సందర్శకులకు మరో 20 కావాలి. 192.168.25.0 శ్రేణికి 255.255.255.0 అనే సబ్‌నెట్ మాస్క్ పెడితే, మొదటి మూడు భాగాలు అందరికీ ఉమ్మడి. చివరి భాగం ఒక్కొక్క పరికరానికి ప్రత్యేకం. చివర 0 ఆ శ్రేణికే గుర్తు. 255 అందరినీ ఒకేసారి పిలవడానికి. మిగిలినవి 254. వాటిని ఇలా విభజించవచ్చు:

1 – రౌటరు
2 నుంచి 49 వరకు – ప్రింటర్లు, సర్వరు, కెమెరాల రికార్డరు వంటి స్థిర పరికరాలు
50 నుంచి 199 వరకు – రౌటరు స్వయంగా పంచే 150 చిరునామాలు
200 నుంచి 254 వరకు – భావి అవసరాలు

మూడవ భాగంలో 0 లేదా 1 కాక 25 వంటి సంఖ్యను ఎంచుకోవడానికి కారణం ఉన్నది. ఇళ్లలోని రౌటర్లు తరచుగా 0, 1 సంఖ్యలతోనే వస్తాయి. ఇంటినుంచి వి.పి.ఎన్. ద్వారా కార్యాలయంలోకి ప్రవేశించే ఉద్యోగికి రెండుచోట్లా ఒకే శ్రేణి ఉంటే, సమాచారం ఇంట్లోనే వెతుకులాడుతుంది తప్ప కార్యాలయం చేరదు.

అమరిక క్రమం

మొదట కంప్యూటరును రౌటరుకు తీగతో కలిపి, అమరికల పుటను తెరవాలి. తయారీదారు ఇచ్చిన సంకేతపదాన్ని వెంటనే మార్చాలి. పిమ్మట రౌటరు లోపలి చిరునామాను 192.168.25.1గా, మాస్క్‌ను 255.255.255.0గా నమోదు చేసి భద్రపరచాలి. ఆ క్షణంలో పుట తెగిపోతుంది. కంగారు పడనవసరం లేదు. రౌటరు చిరునామా మారింది కనుక, తీగను తీసి మళ్లీ తగిలించి, కొత్త చిరునామాతో పుటను తెరవాలి. తరువాత డి.హెచ్.సి.పి. శ్రేణి 50తో మొదలై 199తో ముగిసేటట్లు చూడాలి. ఉద్యోగులకు ఒక రోజు లీజు సరిపోతుంది. సందర్శకులకు వేరుగా అతిథి నెట్‌వర్కు ఏర్పరచి, గంట రెండు గంటల గడువు పెడితే సంస్థ దస్త్రాలు వారికి అందుబాటులో ఉండవు. చిరునామాలూ త్వరగా ఖాళీ అవుతాయి.

సంకేతం అందని గదికోసం రెండవ రౌటరును చేర్చి, దానిని కేవలం సంకేత విస్తరణకే వాడేటప్పుడు, అందులోని డి.హెచ్.సి.పి.ని ఆపివేయాలి. ఒకే సత్రానికి ఇద్దరు గుమాస్తాలు విడివిడిగా తాళంచెవులు పంచితే కలహమే మిగులుతుంది. ఏదైనా కంప్యూటరు చిరునామా 169.254తో మొదలైతే, దానికి రౌటరునుంచి జవాబు రాలేదని గ్రహించాలి.

చివరగా, ఏ సంఖ్య ఏ పరికరానిదో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. అమర్చినవారు బదిలీ కావచ్చు, ఉద్యోగం మానవచ్చు. వారి జ్ఞాపకంలోనే ఉన్న హద్దు వారితోనే పోతుంది. పుస్తకానికెక్కిన హద్దు తరువాత వచ్చేవారికి దారి చూపుతుంది.

ప్రశ్నలు

1. లోపలి వినియోగానికి ప్రత్యేకించిన చిరునామాలను రామాలయం వీధితో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. ప్రింటరు పనిచేయకపోవడానికి అసలు కారణమేమిటి? దానిని ఎట్లా నివారించవచ్చు?
3. వంద మంది ఉద్యోగులు, ముప్పై మంది సందర్శకులు గల కార్యాలయానికి పై పట్టిక సరిపోతుందా? కారణాలతో రాయండి.