ఆ పడవలో నేను ఉత్త ప్రయాణికురాలినా?



నాకు 52 ఏళ్ళు, మావారికి 57. న్యూజెర్సీలో ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారు, నేనొక స్కూల్లో అకౌంట్స్ చూసేదాన్ని. అమ్మాయి చదువు పూర్తయి ఉద్యోగంలో చేరాక ఇల్లు అమ్మి, 38 అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొన్నాం. అప్పట్నుంచీ అదే మా ఇల్లు. వేసవిలో చెసపీక్ బే, చలికాలంలో ఫ్లోరిడా మీదుగా బహామాస్. ఈ ఉత్తరం కూడా ఎగ్జూమా దీవుల్లో, జార్జ్‌టౌన్ దగ్గర లంగరేసుకుని రాస్తున్నాను.

ఫొటోలు చూసినవాళ్ళందరూ అదృష్టవంతురాలినంటారు. కాదనను. ఇక్కడి నీళ్ళలో రెండు నిలువుల లోతున మా లంగరు గొలుసు ఇసకమీద ఎలా పడుందో పడవలోంచే కనిపిస్తుంది. పొద్దున్నే ఇద్దరం పైన కూర్చుని కాఫీ తాగుతుంటే ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది. కాఫీ గ్లాసులు కడిగేలోపే రిపేరు మొదలు. మొన్న టాయిలెట్ పంపు బిగుసుకుపోయింది. గొట్టం విప్పితే లోపలంతా సున్నంలా గట్టిపడి, చిటికెన వేలు దూరేంత సందు మిగిలింది. ఆయన దాన్ని ఒడ్డుకు పట్టుకెళ్ళి రాళ్ళమీద బాదుతుంటే తెల్లటి పెచ్చులు రాలాయి. అంతకుముందు మంచినీళ్ళ పంపు, దానికి ముందు బ్యాటరీలు. చిన్న పార్టు కావాలన్నా రాజధాని నాసౌ నుంచి మెయిల్‌బోటు వచ్చేదాకా ఆగాలి. పరుపు కింద పనిముట్లు, మెట్ల వెనక ఇంజను. పని మొదలైతే నాకు కూర్చునే చోటుండదు.

ఒడ్డుమీద ఆయన మెత్తటి మనిషి. లంగరు వేసేటప్పుడు మాత్రం నేను ముందు నిలబడి గొలుసు వదులుతుంటే వెనకనుంచి కేకలు. గాలికి సగం వినపడవు. వినపడింది చేస్తే అది తప్పంటారు. చుట్టూ పడవలవాళ్ళు చూస్తుంటారు.

ఈసారి ఫ్లోరిడా నుంచి వస్తుంటే గల్ఫ్ స్ట్రీమ్ మధ్యలో రాత్రిపూట ఇంజను ఆగిపోయింది. గాలి లేదు, అలలు మాత్రం ఉన్నాయి. ఆయన టార్చి నోట్లో పెట్టుకుని ఇంజను పక్కన తలకిందులుగా దూరారు. వాంతి చేసుకుంటూనే ఏదో విప్పుతున్నారు. చుక్కాని నా చేతిలో ఉంది. దూరంగా పెద్ద ఓడ దీపాలు. అది మా మీదికి వస్తోందో లేదో నాకు తెలియదు. ఆయన గానీ నీళ్ళలో పడిపోతే పడవ ఎలా ఆపాలో కూడా తెలియదని ఆ రాత్రే తెలిసొచ్చింది.

ఇప్పుడాయన ఈ వేసవికి గ్రెనడా వెళ్దామంటున్నారు. అక్కణ్ణుంచి పనామా కాలువ దాటి, వచ్చే ఏడు పసిఫిక్. గలపగోస్ నుంచి మార్కెసాస్ దాకా నేల కనబడదట. కాకినాడలో మా అమ్మకి 80 దాటాయి. పోయినేడు తుంటి ఆపరేషన్ అయితే నేను వెళ్ళలేకపోయాను. నాకు రావాలని లేదంటే ఆయన ముఖం చిన్నబోతుంది. జీవితమంతా కన్న కల అది. నేను ఆయనతో వెళ్ళాలా, ఒద్దా?

— ఒక సోదరి, బహామాస్

అమ్మా,

మీరు ఆఖర్న అడిగినదానికే ముందు జవాబు చెబుతాను. వచ్చే ఏడు పసిఫిక్ వద్దు. మీకు భయంగా ఉందని మాత్రమే కాదు. ఇవాళ్టికి మీ పడవలో నావికుడు ఒక్కరే ఉన్నారు, నెల రోజుల సముద్రానికి అది చాలదు.

గల్ఫ్ స్ట్రీమ్ రాత్రినే తీసుకోండి. పాత పడవల డీజిల్ ట్యాంకుల అడుగున ఏళ్ళ తరబడి మడ్డి పేరుకుని ఉంటుంది. రేవులో ఉన్నన్నాళ్ళు కదలదు. అలల్లో పడవ ఊగగానే పైకి లేచి ఫిల్టరును మూసేస్తుంది. అందుకే ఆ ఇంజన్లు లంగరేసిన చోట ఆగవు, నడిసముద్రంలో ఆగుతాయి. ఫిల్టరు మార్చి, పైపుల్లో చేరిన గాలి తీసి, మళ్ళీ స్టార్ట్ చేయడం మీవారికి వచ్చు కాబట్టి బయటపడ్డారు. మరి ఆయన తల లోపల పెట్టిన ఆ కాసేపు చుక్కాని దగ్గరున్న మనిషికి ఏం తెలిసుండాలి? ఓడ ఎర్ర దీపం, పచ్చ దీపం రెండూ ఒకేసారి కనిపిస్తే దాని ముక్కు మనవైపే ఉందని. అది మనకి కనిపించే దిక్కు మారకుండా అంతకంతకూ దగ్గరవుతుంటే ఢీకొనే దారిలో ఉన్నామని. రేడియోలో 16వ ఛానల్ తీసి, మా ఇంజను ఆగింది, మీరు తప్పుకోండని ఆ ఓడకి చెప్పాలని. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. మీకెవరూ నేర్పలేదు. తెలియనిచోట కూర్చోబెడితే భయం వేయక ఏమవుతుంది?

ఈ పేరా మీవారికి చదివి వినిపించండి. అయ్యా, గలపగోస్ నుంచి మార్కెసాస్ సుమారు 3000 నాటికల్ మైళ్ళు. మీ సైజు పడవకి మూడు వారాలు, గాలి తగ్గితే నాలుగు. ఇద్దరే ఉన్న పడవలో రాత్రిళ్ళు వంతులవారీగా ఒకరు మేలుకుని కాపలా ఉండాలి, ఒకరు నిద్రపోవాలి. మీ ఆవిడకి పడవ నడపడం రాకపోతే మీరు పడుకున్నా చెవి పైనే ఉంటుంది. నాలుగైదు రోజులకే నిద్రలేమి మీ బుర్రని మందగింపజేస్తుంది. తెరచాప తగ్గించాల్సిన సమయంలో తగ్గించకపోవడం, ఒంటికి రక్షణ తాడు తగిలించుకోకుండా ముందుకి వెళ్ళడం, చాలా పెద్ద ప్రమాదాలు ఇలాంటి మందగింపులోంచే వస్తాయి. ఆవిడ నేర్చుకోవడం ఆవిడ కోసం ఎంతో, మీ ప్రాణం కోసం అంతే.

ఇక మీరు, అమ్మా. ఆయన దగ్గర నేర్చుకోకండి. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. భర్త దగ్గర కారు నేర్చుకున్న ఆడవాళ్ళని అడిగితే ఎందుకో చెబుతారు. ఆయనకి ఇన్నేళ్ళ కాపురం అలవాటు, మీకూ అంతే. ఒక్క తప్పు జరిగితే పాతవన్నీ గుర్తొస్తాయి. చెసపీక్ ఒడ్డున అనాపొలిస్‌లో సెయిలింగ్ స్కూళ్ళున్నాయి. ఆడవాళ్ళే నేర్పే, ఆడవాళ్ళకి మాత్రమే నడిపే కోర్సులు కూడా అమెరికాలో దొరుకుతాయి. ఆయన లేని పడవలో, పరాయివాళ్ళ మధ్య, చుక్కాని మీ చేతిలో ఉండాలి.

కోర్సు దాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. రేపే మీ ఇద్దరి చోట్లు మార్చుకోండి. బరువు పని ముందుంది, గొలుసు దగ్గర. అది ఆయన్ని చేయనివ్వండి. మీరు వెనక చుక్కాని, ఇంజను పట్టుకోండి. చాలా జంటలు చేసేది ఇదే. గాలికి ఎదురుగా మెల్లగా తీసుకెళ్ళి, పడవ ఆగాక ఆయన గొలుసు వదులుతారు. కేకలు వద్దు, నాలుగు చేతి సైగలు ముందే అనుకోండి: ముందుకి, వెనక్కి, ఆపు, చాలు. చెవులకి పెట్టుకునే హెడ్‌సెట్లు కూడా వాడతారు, మామూలు గొంతుతో మాట్లాడుకోవచ్చు. పదిసార్లు ఇలా లంగరేశాక పడవ మీ చేతికి ఎలా తిరుగుతుందో, ఎంత దూరంలో ఆగుతుందో మీకే తెలుస్తుంది. అంతవరకూ ఎవరు చెప్పినా తెలియదు.

తర్వాత, ఆయన నీళ్ళలో పడితే. ఇది మీ గుండెల్లో ఉన్న అసలు ప్రశ్న కాబట్టి వివరంగా రాస్తున్నాను. గాలి తక్కువున్న రోజు చూసి, ఒక లైఫ్‌జాకెట్టుకి బకెట్టు కట్టి నీళ్ళలో పడేయండి. వెంటనే అరవాలి, తేలేదేదైనా విసరాలి, మ్యాప్ తెర మీద మనిషి పడ్డ చోటు గుర్తుపెట్టే బటన్ నొక్కాలి, ఆ జాకెట్టు మీదనుంచి చూపు తిప్పకూడదు. పడవని తిప్పి దాని దగ్గరికి తెచ్చి ఆపండి. ఆయన కాక్‌పిట్‌లో నోరు మూసుకుని కూర్చోవాలి. దగ్గరికి తేవడం ఒక ఎత్తు, పైకి లాగడం ఇంకో ఎత్తు. తడిసిన మగమనిషిని మీరు చేతుల్తో ఎత్తలేరు. తెరచాప లాగే తాడుని, తాళ్ళు బిగించే విన్చికి చుట్టి ఎత్తడం రేవులో ఉన్నప్పుడే చేసి చూడాలి. రేడియోలో మూత కింద ఎర్రటి ప్రమాద బటన్ ఉంటుంది, దాన్ని ఎప్పుడు, ఎంతసేపు పట్టి నొక్కాలో చేత్తో తాకి తెలుసుకోండి. ఇంకోటి: ముందు తెరచాపని ఎదురుగాలికి పెట్టి, చుక్కాని కట్టేసి, పడవని దాదాపు ఆపి ఉంచే పద్ధతి ఉంది. ఊగడం ఒక్కసారిగా తగ్గుతుంది. వంట చేసుకోవచ్చు, ఆలోచించుకోవచ్చు, సాయం కోసం ఆగొచ్చు. ఇది వచ్చిన మనిషి సముద్రంలో ఒంటరిగా మిగిలినా నిస్సహాయురాలు కాదు.

అంత బలం లేదంటారేమో. లిన్ పార్డీ అనే ఆవిడ ఐదడుగులు కూడా ఉండదు. భర్త ల్యారీతో కలిసి, ఇంజనే లేని 24 అడుగుల సెరాఫిన్ అనే పడవలో ప్రపంచం చుట్టి వచ్చింది. మనవాళ్ళనీ చూడండి. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయల్దేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన నేవీ పడవ తారిణిలో ఆరుగురూ ఆడవాళ్ళే, అందులో ఇద్దరు మన తెలుగు అమ్మాయిలు: విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాద్ నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. తిరుగుదారిలో చుక్కాని చెడిపోతే మారిషస్‌లో పోర్ట్ లూయీకి చేర్చి, బాగుచేయించుకుని మళ్ళీ బయల్దేరారు. మీరు వాళ్ళలా ప్రపంచం చుట్టాలని కాదు. వాళ్ళకీ ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చాకే పడవ చేతికిచ్చారు. నేర్పకుండా ఎవరినీ పంపలేదు.

రిపేర్ల సంగతి. అది ఆగదు, ఉప్పునీళ్ళలో ఉన్న ఇల్లు అది. పడవ ఖరీదులో ఏటా పదోవంతు దాని మీదే పోతుందని అనుభవమున్నవాళ్ళు లెక్కేసుకుంటారు, పాత పడవైతే ఇంకా ఎక్కువ. మీరు అకౌంట్స్ చూసిన మనిషి. ఆ పుస్తకం మీ చేతిలోకి తీసుకోండి. ఏ పార్టు ఏ పెట్టెలో ఉంది, ఇంజను ఎన్ని గంటలు నడిచింది, నీళ్ళ పంపులోని రబ్బరు చక్రం ఎప్పుడు మార్చారు, పడవ అడుగున నీటిలో ఉండే జింకు ముక్కలు ఎంత అరిగాయి. సగం కంటే ఎక్కువ అరిగితే మార్చేయాలి, లేకపోతే ఉప్పునీళ్ళ తుప్పు వాటి బదులు ప్రొపెల్లర్‌ని తింటుంది. తెరచాపలు మోసే మాస్టుని నిలబెట్టే ఉక్కు తీగలు ఎప్పటివో ముందు అడగండి. పదేళ్ళు దాటితే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు మార్చమంటాయి, ఎందుకంటే ఆ తీగలు పైకి మెరుస్తూనే లోపల తుప్పు పట్టి ఒకరోజు తెగుతాయి. మహాసముద్రం మాట ఎత్తే ముందు ఈ జవాబు కాగితం మీద ఉండాలి. పడవలోకి నీళ్ళు రాకుండా ఉంచేవి, మాస్టు, చుక్కాని, ఇంజను: వీటికి సంబంధించిన పని ఆ రోజే. మిగతావి ఆగుతాయి. వారంలో ఒకరోజు పనిముట్ల పెట్టె మూసే ఉండాలని ఇద్దరూ ఒప్పందం చేసుకోండి.

గ్రెనడా గురించి కూడా. జార్జ్‌టౌన్ నుంచి అటు వెళ్ళడమంటే వారాల తరబడి ఎదురుగాలి. నావికులు దానికి ముళ్ళదారి అని పేరే పెట్టుకున్నారు. మీరిద్దరూ ఉన్న పరిస్థితిలో ఆ దారి మీ మధ్య కేకల్ని పెంచడం తప్ప ఏమీ చేయదు. పైగా తుపానుల కాలంలో గ్రెనడా పూర్తిగా సురక్షితమూ కాదు. 2004లో ఐవన్ తుపాను గ్రెనడాని తుడిచిపెట్టింది, 2024 జూలై 1న బెరిల్ ఆ దేశంలోనే కారియకూ దీవిని. ఈ వేసవికి చెసపీక్‌కే రండి. జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం, పడవని యార్డులో ఒడ్డుకెక్కించండి. ఆయన తీగలు, అడుగు రంగు చూసుకుంటారు. మీ కోర్సు అక్కడే. అమ్మ దగ్గరికి వెళ్ళడానికి వాషింగ్టన్ విమానాశ్రయం కూడా దగ్గర.

అన్నీ నేర్చుకున్నాక కూడా మీకు పసిఫిక్ వెళ్ళాలనిపించకపోవచ్చు. అప్పుడు ఒద్దనే మాట భయం నుంచి కాక మీ ఇష్టం నుంచి వస్తుంది. దానికి ఆయన ముఖం చిన్నబోయినా అది మీ తప్పు కాదు. పెద్ద దాటింపులకి ఇద్దరు తోడు నావికుల్ని ఎక్కించుకుని భర్త వెళ్తే, అవతలి దీవిలో భార్య విమానం దిగి పడవెక్కే జంటలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళ కాపురాలు బాగానే ఉన్నాయి. ఇంకో జాగ్రత్త: ఇల్లు అమ్మిన డబ్బులో మీ వాటా ఒడ్డుమీదే, మీ పేరుతో ఉండాలి. ఇది నమ్మకానికి సంబంధించిన మాట కాదు. ఒకరోజు పడవ వద్దనుకుంటే, తిరిగొచ్చి కాలుపెట్టడానికి ఇద్దరికీ ఒక గది ఉండాలి కదా.

ఇన్నాళ్ళూ అమ్మ దగ్గరికి వెళ్ళే తేదీ పడవని బట్టి కుదురుతూ, కుదరకుండా వచ్చింది. ఈసారి ముందు కాకినాడకి టికెట్ కొనండి, జూన్ మొదటి వారంలో, కనీసం రెండు నెలలకి. ఆ తేదీ యార్డువాళ్ళకి చెప్పి దానికి ముందు రోజుల్లో పడవ ఒడ్డుకెక్కించడానికి చోటు ఇప్పుడే బుక్ చేసుకోండి. వసంతానికల్లా యార్డులు నిండిపోతాయి.