కైతవ శబ్దము: అర్థపరిణామము

కైతవమనగా కపటమని విద్యార్థులకు సామాన్యముగా బోధింపబడుచున్నది. ఆ అర్థము సాధువే. కాని ఆ శబ్దమునకు మొదటిది కాదు. కితవ శబ్దముపై అణ్ ప్రత్యయము చేరి, ఆదివృద్ధి కలిగి కైతవమైనది. కితవుడనగా జూదరి. కావున జూదరి పనియో, జూదరితనమో కైతవమగును. (తెలుగున కవితకు వికృతియైన ‘కైత’కు దీనితో సంబంధము లేదు. కొందరు విద్యార్థులు పొరబడుదురు.)

యాస్కుడు నిరుక్తము పంచమాధ్యాయమున కితవ శబ్దమునకు రెండు నిర్వచనములు చూపెను. పందెమున ‘నీకేమున్నది?’ అని అడుగు ‘కిం తవ’ అను పలుకునకు అనుకరణమని ఒకటి. ‘కృతవాన్’ అను ఆశీస్సు వలన ఏర్పడిన పేరని రెండవది. ఇవి భాషాచరిత్రకు నిరూపణములు కాకపోవచ్చును. అయినను, ఈ రెంటను మోసపు వాసన లేకపోవుట గమనింపదగినది.

ఋగ్వేదము దశమ మండలములోని అక్షసూక్తము (34) మరింత విచారణీయము. అందు కితవుడు వంచకుడు కాడు, వంచితుడు. అత్త ద్వేషించును, భార్య దూరమగును, అప్పులపాలై రాత్రివేళ పరుల ఇండ్లకు పోవును. ‘నికృత్వన్’ అను వంచకవాచక విశేషణము పాచికలకు, అనగా తానికాయలకు, చేర్చబడినది! అట్లని వేదకాలమున కితవుడు నిర్దోషి అనుటయు సరికాదు. పంచమ మండలము 85వ సూక్తమున ఆటలో మోసగించు కితవుల ప్రస్తావన వరుణుని సన్నిధిని కలదు. మోసగించువాడు, మోసపోవువాడు ఇరువురును ఒకే పేరున పిలువబడిరి. తరువాతి కాలమున మొదటివాడే శబ్దమును ఆక్రమించెను.

అమరసింహుడు రెండర్థములను వేరుగా నిలిపెను. నాట్యవర్గమున కైతవము కపట, వ్యాజ, ఛద్మములతో చేరినది. శూద్రవర్గమున ద్యూతమునకు పర్యాయమైనది. వనౌషధివర్గమున ఉమ్మెత్తకు సైతము కితవ, ధూర్త నామములు కలవు. మతి చెడగొట్టు మొక్కకు ఆ పేరు తగినదే. కావున ద్యూత ప్రకరణములందు కైతవమును వెంటనే కపటమని అనువదించుట తొందరపాటు. పాచికలాడుటను మాత్రమే చెప్పిన కవిచే నేరము మోపించినట్లగును.

ఆలంకారికుల చేతిలో ఈ శబ్దమునకు దోషమే తొలగినది. అప్పయ్యదీక్షితుల కువలయానందమున కైతవాపహ్నుతి యొక భేదము. వాన మిషతో ఆకాశము విలపించుచున్నదనుట అట్టిది. ఇచట వాన వానయే కాదని ‘మిష’ శబ్దము చెప్పకయే చెప్పును. ఇట్టి తావున కైతవమునకు ‘మిష’ యనియే తెలుగు. ‘మోసము’ అని వ్రాసినచో ఆకాశము దొంగయగును, అలంకారము చెడును.