ఒంటరితనానికి కిష్కింధలో దొరికే పాఠం

ఈ రోజు పాఠం ఇరవై నుంచి ముప్పై ఏళ్ల మధ్య ఉన్నవాళ్ల కోసం. వాళ్ల అమ్మానాన్నలు చదివినా మంచిదే.

చూడండి, ఒంగోలు నుంచో ఖమ్మం నుంచో చదువు ముగించుకుని పిల్లలు ఉద్యోగానికి హైదరాబాద్ వస్తారు. మాదాపూర్‌లో పీజీ హాస్టల్. గదిలో ముగ్గురుంటే ముగ్గురివీ మూడు షిఫ్టులు. ఒకరు లేచేసరికి ఇంకొకరు పడుకుంటారు. ఫోన్‌లో వందల నంబర్లు ఉంటాయి కానీ, జ్వరం వచ్చిన రాత్రి ఎవరికి చేయాలో తోచదు. "తిన్నావా?" అని అమ్మ అడిగితే, "తిన్నానమ్మా, బాగానే ఉన్నా" అని పెట్టేస్తారు.

ఇలా ఉన్నది నేనొక్కడినే, నేనొక్కదాన్నే అనుకోకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. యువతలో ఈ బాధ మరీ ఎక్కువ.

ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు

కాసేపు ఒక్కరమే కూర్చుని జపం చేసుకున్నా, పుస్తకం చదువుకున్నా మనసుకు హాయిగా ఉంటుంది. అది ఏకాంతం, మనం కోరుకున్నది. పదిమందిలో ఉన్నా మన మాట వినేవాళ్లు లేరే అనిపిస్తే అది ఒంటరితనం. ఇది మనం కోరకుండా వచ్చిపడుతుంది.

మరి కాలేజీలో అంతమంది స్నేహితులు ఎలా దొరికారు? అప్పుడు మనం ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. రోజూ అదే బెంచీ, అదే బస్సు, అదే మెస్సు. రోజూ కనబడే ముఖాలతోనే చనువు పెరిగింది. ఉద్యోగంలో చేరాక ఆ ఏర్పాటు పోయింది. మనలో ఏదో లోపం ఉందని కుమిలిపోతాం గానీ, పోయింది ఆ ఏర్పాటే. దాన్ని ఇప్పుడు మనమే మళ్లీ కల్పించుకోవాలి.

కిష్కింధలో జరిగిందేమిటి?

వాల్మీకి రామాయణంలో సీతమ్మను పోగొట్టుకున్న రాముడు అడవిలో వెతుకుతూ తిరుగుతున్నాడు. పక్కన లక్ష్మణుడు ఉన్నా దుఃఖం ఆగడం లేదు. అప్పుడు కబంధుడు ఒక దారి చెప్పాడు. సుగ్రీవుడితో స్నేహం చేయమన్నాడు. సుగ్రీవుడేమైనా సుఖంగా ఉన్నాడా? లేదు. అన్న వెళ్లగొట్టాడు, రాజ్యం పోయింది, భార్య దూరమైంది. రాముడి కష్టం లాంటి కష్టమే అతనిదీ.

ఆ తర్వాత జరిగిన కథలో మనకు పనికొచ్చే సంగతులు నాలుగున్నాయి.

1. అవతలివాళ్లకూ భయమే. రామలక్ష్మణులను దూరం నుంచి చూసి సుగ్రీవుడు వణికిపోయాడు. వాలి పంపిన మనుషులేమో అనుకున్నాడు. ఆఫీసు క్యాంటీన్‌లో ఒక్కరే కూర్చుని ఫోన్ చూసుకునే మనిషిని చూసి "పొగరు" అనుకుంటాం. వాళ్లు కూడా మన గురించి అలాగే అనుకుంటూ ఉండొచ్చు.

2. మధ్యలో ఒకరు కావాలి. హనుమంతుడు ముందుగా వచ్చి మాట్లాడాడు. అతని మాట తీరును రాముడు లక్ష్మణుడి దగ్గర ఎంతో మెచ్చుకున్నాడు. రెండు వైపులనూ కలిపింది ఆయనే. మీకు తెలిసినవాళ్లలో నలుగురితో కలుపుగోలుగా ఉండే మనిషి ఒకరుంటారు. "ఈసారి మీరు వెళ్లేటప్పుడు నన్నూ పిలవండి" అని వాళ్లను అడగండి. అందులో నామోషీ ఏమీ లేదు.

3. కష్టం చెప్పుకున్నారు. అగ్నిసాక్షిగా స్నేహితులైనవాళ్లు ఒకరి బాధ ఒకరు విన్నారు, సాయం చేస్తామని మాట ఇచ్చుకున్నారు. మనమేమో ఎప్పుడూ "ఆల్ గుడ్" అంటాం. మొదటిరోజే గుండె విప్పమని కాదు. "ఈ ఏరియాలో మంచి డాక్టరు ఎవరు?" "ఆదివారం సామాను మారుస్తున్నా, ఒక గంట వస్తారా?" అని చిన్న సాయం అడగండి. అడిగించుకున్నవాళ్లకూ మనం దగ్గరివాళ్లం అనిపిస్తుంది.

4. ఆలస్యాన్ని ఓర్చుకున్నారు. వానాకాలం పోయినా సుగ్రీవుడు కదల్లేదు. లక్ష్మణుడు కోపంతో బయల్దేరితే, మెత్తగా మాట్లాడమని రాముడే చెప్పి పంపాడు. స్నేహం నిలిచింది, సీతమ్మ జాడా తెలిసింది. మెసేజ్‌కు రెండు రోజులు జవాబు రాకపోతే "నేనంటే లెక్కలేదు" అని నంబర్ తీసేసే ముందు ఈ ఘట్టం గుర్తుచేసుకోండి. ఇంకొక్కసారి ఫోన్ చేయండి.

ఎన్ని గంటలు పడుతుంది?

దీనికి ఒక లెక్క ఉంది. అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ హాల్ అనే ఆచార్యుడి పరిశోధన 2018లో వెలువడింది. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, ఆప్తమిత్రులు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని అందులో తేలింది.

వారానికి రెండు గంటలు కలిస్తే 50 గంటలకు ఆరు నెలలు పడుతుంది. మనమేమో రెండుసార్లు వెళ్లి, "నాకు ఎవరూ కలవడం లేదు" అని మానేస్తాం. మూడో వారం వెళ్లాలనిపించకపోవడం సహజమే. అయినా వెళ్లాలి.

ఎక్కడికి వెళ్లాలి? ప్రతివారం అదే మనుషులు వచ్చే చోటుకి. గుడిలో అన్నదానం వడ్డన, భజన మండలి, షటిల్ కోర్టు, ఉదయం నడక, పిల్లలకు ట్యూషన్ చెప్పే సేవ, ఏదైనా సరే. చేతిలో పని ఉన్నచోట మాట సులువుగా వస్తుంది. తిరుమలలో శ్రీవారి సేవకు వచ్చినవాళ్లను చూడండి. ఎక్కడెక్కడి వాళ్లో పక్కపక్కన కూర్చుని కూరగాయలు తరుగుతుంటారు. "మీదే ఊరు?" అనే మాట దానంతట అదే వస్తుంది.

ఒక ముఖ్యమైన మాట

నిద్ర పట్టక, తిండి సహించక, బతకాలని లేదన్న ఆలోచన వస్తుంటే ఈ చిట్కాలతో ఆగిపోకండి. 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇంట్లోవాళ్లకూ చెప్పండి. పూజ చేసుకుంటూనే డాక్టరు దగ్గరికీ వెళ్లొచ్చు, తప్పేమీ లేదు.

అమ్మానాన్నలకు కూడా ఒక మనవి. "తిన్నావా?" అని అడిగాక, "ఎవరితో కలిసి తిన్నావు?" అని కూడా అడగండి. జవాబు రాకపోతే ఉపన్యాసం ఇవ్వకండి, కాసేపు లైన్‌లోనే ఉండండి.

ఈ వారం చేయాల్సింది

- ఏడాదిగా మాట్లాడని పాత స్నేహితుల్లో ఒకరికి ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్.
- రోజూ కనబడే ఒకరి పేరు అడిగి తెలుసుకోండి. వాచ్‌మన్ అయినా సరే, టీ కొట్టు అన్న అయినా సరే.
- ప్రతివారం వెళ్లగలిగే చోటు ఒకటి ఎంచుకుని, ఆరు నెలల తర్వాతి తేదీని క్యాలెండర్ మీద రాసుకోండి. ఆ తేదీ వచ్చేదాకా "ఎవరూ కలవడం లేదు" అని తీర్పు చెప్పకండి.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి. శుభం.